ఏడాదంతా ఒక్క వ్యాసమేనా? – మన వికీపీడియా సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

పోయినేడాది నివేదికలో కొత్త వ్యాసాల పట్టికే రెండు పేజీలు వచ్చింది. ఈసారి పట్టిక లేదు. ఎందుకంటే ఈ ఏడాది మనం గట్టిగా చేసిన పని ఒక్కటే, వికీపీడియాలో భారత క్రికెట్ తొలి టెస్టు కెప్టెన్ సి.కె. నాయుడు వ్యాసాన్ని మొదటి వాక్యం నుంచి చివరిదాకా మూలాలతో సరిచూడటం. తిరుపతిలో ఇంతమంది కూర్చుని ఏడాదికి ఒక్క వ్యాసమా అని పోయిన సమావేశంలో ఒకరిద్దరు అడిగారు. అడగాల్సిందే. దానికి జవాబే ఈ నివేదిక.

మన డిగ్రీ కుర్రాడొకడు కాలేజీ క్విజ్ కోసం ఆ పేజీ చదివి, "సార్, పక్కనున్న పెట్టెలో నాగపూర్‌లో పుట్టారని ఉంది, కింద రాతలో బందరు అని ఉంది, ఏది రాయమంటారు?" అని ఫోన్ చేశాడు. అక్కడ మొదలైంది కథ. ఈ బందరు వాక్యం ఏ మహానుభావుడు రాశాడా అని పేజీ చరిత్ర తీసి చూస్తే, కనిపించింది నా వాడుకరి పేరే! ఆయన బందరు మనిషి అని చిన్నప్పుడు మా తాత చెబుతుండేవాడు, అది పట్టుకుని మూలం లేకుండా రాసేశాను. నిజానికి నాయుడు పుట్టింది నాగపూర్‌లోనే, 1895 అక్టోబర్ 31న. వాళ్ల పూర్వీకులది మచిలీపట్నం, అంటే ఆ బందరే. మా తాత చెప్పింది అబద్ధం కాదు, నేను రాసింది తప్పు. తెలుగువాడు అనగానే నాతో సహా అందరం మెత్తబడిపోతాం, మూలం అడగబుద్ధి కాదు. సంఘం కార్యదర్శే ఇలా చేస్తే మిగతావాటి గతి ఏమిటని అనుమానం వచ్చి, మొత్తం వ్యాసం తిరగేద్దామని కూర్చున్నాం.

లెక్కలు తొందరగానే తేలాయి. 7 టెస్టుల స్కోర్‌కార్డులూ తీసి 14 ఇన్నింగ్స్ ఒక్కొక్కటీ కూడితే 350 పరుగులు, సగటు సరిగ్గా 25, అత్యధికం 1936లో ఓవల్‌లో కొట్టిన 81. పద్మభూషణ్ సంవత్సరానికి పత్రికలన్నీ వదిలేసి ప్రభుత్వ జాబితానే మూలంగా పెట్టాం, 1956. 1932 ఇంగ్లండ్ పర్యటనకు ఆయనే కెప్టెన్ అని ఉన్న వాక్యం మాత్రం మార్చాల్సి వచ్చింది. పర్యటనకు కెప్టెన్ పోరుబందర్ మహారాజు. లార్డ్స్‌లో జూన్ 25న మొదలైన మన తొలి టెస్టుకు జట్టును నడిపించింది నాయుడు. తొలి టెస్టు కెప్టెన్ అనడంలో తప్పేమీ లేదు, పర్యటన వేరు, టెస్టు వేరు, అంతే.

వయసు దగ్గర మాత్రం రెండు ఆదివారాలు పోయాయి. 1956–57 సీజన్‌లో ఉత్తర్ ప్రదేశ్ తరఫున రంజీ ఆడినప్పుడు ఆయన వయసు 62 అని వ్యాసంలో ఉంది, అలాగే రాసినవాళ్లు బయట కూడా చాలామంది ఉన్నారు. మన రిటైర్డ్ లెక్కల టీచరమ్మ పెన్ను తీసి, 1957 అక్టోబర్ 31 వస్తే గానీ ఆయనకు 62 నిండవు కదా నాయనా, ఆ సీజన్‌లో నిండినవి 61 అన్నారు. "62వ ఏట" అంటే ఒప్పు, "62 ఏళ్ల వయసులో" అంటే తప్పు. తెలుగులో ఈ రెండూ ఒకటే అనుకుని రాసేస్తుంటాం, మన మిగతా వ్యాసాల్లో ఇలాంటివి ఎన్ని ఉన్నాయో తలుచుకుంటేనే టెన్షన్.

తర్వాతది నాకు బాగా నవ్వొచ్చిన సంగతి. 1926లో బొంబాయిలో ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఎం.సి.సి. జట్టు మీద 153 కొట్టిన ఇన్నింగ్స్‌కు మనవాళ్లు ఒక తెలుగు పత్రిక వ్యాసాన్ని మూలంగా ఇచ్చారు. తెరిచి చూస్తే అందులో "పదకోండు సిక్సర్లు" అని ఉంది. మన పేజీలోనూ అదే "పదకోండు", అదే దీర్ఘం. తేదీలు చూస్తే మన వాక్యం ముందు, పత్రిక వ్యాసం తర్వాత. మన రాతను వాళ్లు ఎత్తుకుంటే, దాన్నే తెచ్చి మళ్లీ మనకు సాక్షిగా నిలబెట్టుకున్నాం. సిక్సర్లు పదకొండు అన్నది నిజమే గానీ, ఆ మూలాన్ని తీసేసి ఆ కాలపు మ్యాచ్ వివరాలను పెట్టాం.

ఇక ఎడ్జ్‌బాస్టన్ సిక్సర్. 1932లో బర్మింగ్‌హామ్‌లోని ఆ మైదానంలో ఆయన కొట్టిన బంతి రే నది దాటి, ఒక జిల్లా నుంచి ఇంకో జిల్లాకు, అంటే వార్విక్‌షైర్ నుంచి వూస్టర్‌షైర్‌లో పడిందని కథ. చిన్నప్పటి నుంచి విన్నదే, నాకు ప్రాణం ఆ వాక్యమంటే. కానీ మన సభ్యుల్లో సర్వే శాఖలో రిటైరైన సారు ఒకరున్నారు, హద్దు అనే మాట వింటే ఊరుకోరు. పాత మ్యాపులు తిరగేసి, నది ఒకప్పుడు హద్దేగానీ అవతలి ఊళ్లు 1911 నాటికే బర్మింగ్‌హామ్‌లో కలిసి వార్విక్‌షైర్ కిందికి వచ్చేశాయని తేల్చారు. అంటే 1932లో బంతి నది దాటినా జిల్లా దాటదు. వాక్యం తీసేయాలని కొందరు, ఉంచాలని కొందరు, చర్చ పేజీలో పెద్ద రగడే జరిగింది. చివరికి "అని చెప్పుకుంటారు" అని రాసి, హద్దు సంగతి కూడా కింద చేర్చాం. ఇప్పుడు చదివితే ఆ పేరా ఇదివరకటికంటే బాగుందని నా అభిప్రాయం.

"గారు" తీసేయడం మీద వచ్చిన అలకలు ఇక్కడ రాయను. విజ్ఞానసర్వస్వంలో గాంధీకైనా గారు పెట్టం, ఆయన అంటే చాలు. "క్రికెట్ సింహం", "అజరామరుడు" కూడా పోయాయి.

ఖర్చు పెద్దగా లేదు, జిరాక్సులు, టీ, మసాలా వడలు. గంగమ్మ జాతర వారం, బ్రహ్మోత్సవాల రోజులు సమావేశాలు జరగలేదు, బస్సు దిగి ఇక్కడిదాకా రావడమే గగనం. జూన్‌లో మనం అద్దెకు తీసుకున్న హాలు వాళ్లు చివరి నిమిషంలో పెళ్లికి ఇచ్చేశారు, అడ్వాన్సు ఇంకా తిరిగి రాలేదు. అప్పటి నుంచి మన టీచరమ్మ ఇంటి మేడ మీదే కూర్చుంటున్నాం.

వచ్చే ఏడాది ఇప్పుడు ఆడుతున్న క్రీడాకారుల పేజీలు చూద్దామని ప్రతిపాదన ఉంది. బతికున్నవాళ్ల గురించి వివాదాస్పదమైన మాట మూలం లేకుండా ఒక్కటున్నా వెంటనే తీసేయాలి, అక్కడ చర్చలు, ఓపికలు కుదరవు. పరిగెత్తగలిగినవాళ్లే పేరు ఇవ్వండి.

నాయుడు వ్యాసంలో ఒక్క వాక్యం పక్కన "ఆధారం చూపాలి" అన్న గుర్తు ఇంకా అలాగే ఉంది, 1916లో, మతాలవారీ జట్లతో జరిగే బొంబాయి పోటీల్లో హిందూ జట్టుకు తొలి మ్యాచ్ ఆడినప్పుడు మొదటి పరుగులే సిక్సర్‌తో తీశారన్నది. మనకు దొరికినవన్నీ ఎన్నో ఏళ్ల తర్వాత రాసినవే. ఎవరింట్లోనైనా ఆనాటి బొంబాయి పత్రికల కత్తిరింపులు ఉంటే పట్టుకుని మేడ మీదికి రండి, వడలు ఉంటాయి.