పెరెన్నియల్ అంటే శాశ్వతం కాదండీ

ఎడిటర్ గారికి నమస్కారం.

వానపడిన మర్నాడు మీ జిల్లా పేజీలో మన గుంటూరు మూడు వంతెనల కింద నీళ్లు నిలిచిన వార్త వచ్చింది. ఫొటో బాగుంది, స్కూటర్‌ని నెట్టుకొస్తున్న మనిషికి మోకాళ్ల పైదాకా నీళ్లు. పైన హెడ్డింగ్ ‘శాశ్వత సమస్య’ అని పెట్టారు. లోపల చదివితే ఎవరో ఇంగ్లీషులో ‘పెరెన్నియల్ ప్రాబ్లమ్’ అన్నారని ఉంది, దాన్నే మీవాళ్లు తెలుగు చేసి పైకి ఎక్కించినట్టున్నారు. నాకు పేచీ అక్కడే.

శాశ్వతం అనాలంటే ఇంగ్లీషులో పర్మనెంట్ అని వేరే మాట ఉంది. పెరెన్నియల్ పుట్టింది లాటిన్ నుంచి, అక్కడ ‘అన్నుస్’ అంటే ఏడాది, ‘పెర్’ అంటే పొడవునా. ఏడాది పొడవునా ఉండేది, ఏళ్ల తరబడి నిలిచేది, పోయినట్టే పోయి మళ్లీ మళ్లీ వచ్చేది, ఈ మూడింటికీ వాడతారు. చాలాకాలం నిలిచేది అనే అర్థం డిక్షనరీల్లో ఉన్నమాట నిజమే, కాదనను. కానీ సమస్య పక్కన ఆ మాట పడితే నూటికి తొంభైసార్లు ‘మళ్లీ అదే గోల’ అనే అర్థంలోనే పడుతుంది.

నేను ఇంటి దగ్గర పిల్లలకు ఇంగ్లీషు ట్యూషన్ చెబుతాను, ఎక్కువమంది బ్యాంకు పరీక్షలకీ గ్రూప్స్‌కీ చదివేవాళ్లే. ఒకబ్బాయి ‘మా అన్నయ్యకు పెరెన్నియల్ జాబ్ వచ్చింది’ అని రాసుకొచ్చాడు. వాణ్ని అనడానికేం లేదు, చేతిలో ఉన్న గైడులో పెరెన్నియల్‌కి ఎదురుగా ‘శాశ్వతమైన’ అని ఒకే ఒక్క మాట అచ్చేసి ఉంది, బట్టీ కొట్టాడు. ఇవే పిల్లలు స్కూల్లో పెరెన్నియల్ రివర్స్ అంటే జీవనదులు అని చక్కగా చదువుకునే వచ్చారు. గంగ, యమున లాంటివి వానకు తోడు హిమాలయాల మంచు నీళ్లు కూడా అందుతాయి కాబట్టి ఎండాకాలమూ పారతాయి. మన కృష్ణ మహాబలేశ్వర్ దగ్గర పుట్టి వాన మీదే బతుకుతుంది, మే నెలలో ప్రకాశం బ్యారేజీ దిగువకు తొంగి చూస్తే నీళ్లకంటే ఇసుకే ఎక్కువ కనపడుతుంది. (కృష్ణమ్మని జీవనది అనే మా అత్తగారితో మాత్రం నేను వాదన పెట్టుకోను.)

మొక్కల సంగతికొస్తే ఈ మాటకి మన ఊళ్లో దొరికినంత మంచి ఉదాహరణ ఇంకెక్కడా దొరకదు. ఒక్క పంటకాలంలో బతికి గింజ పెట్టి చచ్చిపోయే మొక్కని యాన్యువల్ అంటారు, రెండేళ్లు దాటి బతికేదాన్ని పెరెన్నియల్ అంటారు. మరి మిరప ఏది? 1753లో మొక్కలకి శాస్త్రీయ నామాలు పెట్టిన లిన్నేయస్ దానికి ‘క్యాప్సికమ్ యాన్యుమ్’ అని పేరు పెట్టాడు, అంటే పేరులోనే ఏడాది మొక్క. అసలు స్వభావానికి అది పెరెన్నియల్, మంచు పడని చోట రెండు మూడేళ్లు హాయిగా కాస్తుంది, మా పెరట్లో కుండీలో ఉన్న చెట్టు కొమ్మలు కత్తిరించిన ప్రతిసారీ మళ్లీ చిగురేసి కాయ ఇస్తూనే ఉంది. పొలంలో మాత్రం రైతు వానాకాలంలో నారు నాటి, ఎండలు ముదిరేలోపు కోతలు అయ్యాక, కాయ కల్లంలో ఎండి మిర్చి యార్డుకి వెళ్లిపోయాక, చేను పీకేస్తాడు. తెగుళ్లూ నీళ్లూ రేటూ చూసుకుంటే ఉంచడం గిట్టదు కాబట్టి పెరెన్నియల్ మొక్కని యాన్యువల్‌గా పండిస్తున్నాం. అది ఎన్నాళ్లు ఉండాలో తేల్చేది రైతే. అంటే పెరెన్నియల్ అయినంత మాత్రాన పోనిది అని కాదు.

హెడ్డింగ్ దగ్గర నా గొడవంతా ఇందుకే. శాశ్వత సమస్య అనగానే చదివేవాడికి ‘ఇక దీనికి మందు లేదు’ అనిపిస్తుంది, బాధ్యత ఉన్నవాళ్లకి కూడా అదే హాయి. పెరెన్నియల్ అంటే ఏటా వచ్చేది. ఏటా వస్తుందని ముందే తెలిసినప్పుడు వానకీ వానకీ మధ్య నెలలకు నెలలు టైముంది కదా, అప్పుడు ఏం చేశారు అనే ప్రశ్న దానంతటదే వస్తుంది. అటు బెజవాడలో బుడమేరుని చూడండి. అది జీవనది కాదు, వానల ఏరు. 2005లో ఊరి మీదకొచ్చింది, మళ్లీ 2024 సెప్టెంబరులో గండ్లు పడి సింగ్ నగర్ వైపు ఇళ్లు మునిగాయి, జనం డాబాల మీద కూర్చుని పాలకీ మంచినీళ్లకీ పడవల కోసం ఎదురుచూశారు. దాన్నీ పెరెన్నియల్ సమస్యే అన్నారు, దాన్నీ శాశ్వత సమస్య అనే రాశారు, మళ్లీ ఆ పక్కనే ‘శాశ్వత పరిష్కారం’ అని ఇంకో హెడ్డింగ్! ఒకే పేజీలో సమస్యా శాశ్వతమే, పరిష్కారమూ శాశ్వతమే అయితే మేం దేన్ని నమ్మాలండీ?

తెలుగులో మాటలకి కరువా? ‘ఏటా వచ్చే తిప్పలు’ అనండి, ‘ప్రతి వానాకాలం ఇదే గోల’ అనండి, జాగా కూడా ఏమంత ఎక్కువ పట్టదు. వీలైతే పక్కన చిన్న అక్షరాల్లో అంతకుముందు ఏయే ఏడాది ఇలాగే నీళ్లు నిలిచాయో వేయండి, పాత పేపర్లన్నీ మీ దగ్గరే ఉంటాయి కదా.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
బ్రాడీపేట, గుంటూరు.

తా.క.: ఇలాంటిదే ఇంకొకటి. బయాన్యువల్ అంటే ఏడాదికి రెండుసార్లు, బయెన్నియల్ అంటే రెండేళ్లకోసారి. మీ విద్యా పేజీలో ఈ రెండూ తారుమారయ్యాయి, పరీక్షలు దగ్గర పడుతున్నాయి, త్వరగా సవరణ వేయించండి.