యారాడ ఇక మా ట్రిప్‌లో లేదు

మా వ్యాన్‌లో వైజాగ్ తీరం చుట్టి వచ్చిన పాత కస్టమర్లందరికీ నమస్కారం.

ముందు అసలు సంగతి చెప్పేస్తాను. మొన్న మా ఆదివారం ట్రిప్‌లో ఎవరో మునిగి చనిపోయారని వాట్సాప్‌లో తిరుగుతున్న మాట అబద్ధం. ఎవరూ పోలేదు. యారాడ బీచ్‌లో ఇద్దరు కుర్రాళ్ళు సముద్రం లోపలికి కొట్టుకుపోయారు, అక్కడి జాలర్లు బయటికి లాగారు. ఇద్దరినీ డాక్టరుకు చూపించాకే ఇంటికి పంపాం. ఇద్దరూ బాగున్నారు. మీలో చాలామంది ఫోన్ చేసి అడిగారు, సంతోషం. కొందరు ఒక్క మాట కూడా అడగకుండా బుకింగ్ రద్దు చేసుకున్నారు. ఏళ్ళ తరబడి మాతో వచ్చినవాళ్ళు అలా చేస్తే మనసుకు కష్టంగా ఉంటుందండీ, దాచను.

జరిగింది ఇదీ. పెళ్ళిళ్ళ సీజన్‌లో వైజాగ్‌లో వ్యాన్ దొరకడం ఎంత కష్టమో మీకు తెలుసు. అందుకే మేము ఒక ఓనర్‌తో ముందే మాట్లాడుకుని, అడ్వాన్స్ ఇచ్చి, మా పద్ధతులు తెలిసిన డ్రైవర్‌నే పంపాలని ఒప్పించుకున్నాం. శనివారం రాత్రి పొద్దుపోయాక ఆయన ఫోన్ చేశాడు: ఆ డ్రైవర్ పెళ్ళి ట్రిప్ మీద వెళ్ళిపోయాడు, కొత్త కుర్రాణ్ణి పంపుతున్నాను, ఏం టెన్షన్ పడకండి మేడం అని. ఆ వేళప్పుడు ఇంకో బండి ఎక్కడ దొరుకుతుంది?

కొత్త డ్రైవర్ బండి దగ్గర ఉండకుండా ఇసుకలోకి దిగి వచ్చాడు. అదే సమయంలో మా తమ్ముడు, మీ అందరికీ తెలిసిన మన గైడే, వెనకబడిన ఒక పెద్దావిడకు చెయ్యి పట్టి తీసుకొస్తున్నాడు. నీళ్ళలోకి ఎవరూ దిగకూడదని బండిలోనే చెప్పి ఉన్నాడు. ఈ డ్రైవరేమో, గైడ్లు ఇలాగే బెదిరిస్తారు, అదిగో ఆ రాళ్ళ పక్కన అలలు లేవు, అక్కడ దిగండి, నేను ఎంతమందిని తేలేదు అన్నాడట. లైఫ్‌గార్డుల కాపలా ఉన్న చోటు దాటి ఇద్దరు అటు వెళ్ళారు.

అలలు లేని చోటే ప్రమాదం. మా ట్రిప్‌కి వచ్చినవాళ్ళు ఇది నా నోట వినే ఉంటారు, అయినా మళ్ళీ చెబుతాను. అలలు ఒడ్డుకు తెచ్చిపోసిన నీళ్ళు ఎటో ఒకవైపు తిరిగి వెళ్ళాలి. అడుగున ఇసుక దిబ్బల మధ్య లోతైన సందు ఎక్కడుంటే అక్కడి నుంచి, లేదా రాళ్ళను ఆనుకుని, ఒక పాయలా సముద్రంలోకి పరుగెడతాయి. దీన్నే రిప్ కరెంట్ అంటారు. అక్కడ లోతు ఎక్కువ కాబట్టి అలలు విరగవు, నురుగు తక్కువ, చూడ్డానికి చెరువులా ఉంటుంది. ఈత రానివాళ్ళు ఏరికోరి అక్కడే దిగుతారు. అది మనిషిని కిందికి లాగదు, లోపలికి తీసుకుపోతుంది. ఆ ఇద్దరిలో ఒకరికి ఈత బాగా వచ్చు. వచ్చు కాబట్టే ఒడ్డుకేసి ఎదురీది, ఎదురీది చేతులు పడిపోయాయి. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదితే ఆ పాయ దాటేయొచ్చు. అదీ చేతకాకపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి పిలవాలి. కానీ ఆ భయంలో ఎవరికి గుర్తుంటుంది?

పడవ దగ్గరున్న జాలర్లు తాడు కట్టిన ట్యూబుతో వెళ్ళి ఇద్దరినీ తెచ్చారు. తెచ్చాక మా తమ్ముణ్ణి నానా తిట్లూ తిట్టారు. ఆ తిట్లు పడాల్సినవాడు అప్పటికే వెళ్ళి స్టీరింగ్ ముందు కూర్చున్నాడు.

రాత్రి వ్యాన్ ఓనర్‌తో మాట్లాడితే ఏమన్నాడో తెలుసా? "ఏమీ కాలేదు కదా మేడం, ఎందుకంత పెద్దది చేస్తారు?" అన్నాడు. అక్కడితో అయిపోయింది. మిగతా ఆదివారాల అడ్వాన్స్ ఇంకా ఆయన దగ్గరే ఉంది. ఉంచుకోమనండి. ఇప్పుడు రోజూ ఫోన్ చేస్తున్నాడు, నేను తీయడం లేదు. కొత్త బండి మాట్లాడాను. దాని డ్రైవర్ మొదట మా తమ్ముడితో కలిసి ఖాళీ బండితో రూటంతా తిరిగి వచ్చాకే మీ ముందుకు వస్తాడు.

బండి మార్చడం తేలిక. యారాడ విషయం తేల్చుకోవడానికి మాత్రం నిద్ర పట్టలేదు. మా బుకింగుల్లో సగం యారాడ పేరు చూసి వచ్చేవే. డాల్ఫిన్స్ నోస్ కొండ దాటి, మలుపులు దిగుతుంటే మూడు వైపులా కొండలు, నాలుగో వైపు సముద్రం ఒక్కసారిగా కనిపిస్తుంది. వ్యాన్‌లో అందరూ ఒకేసారి "అబ్బ" అనే చోటు అదొక్కటే. దాన్ని తీసేయడమంటే మా ట్రిప్‌కి ఉన్న అందం మేమే తీసేసుకోవడం.

మొదట అనుకున్నది: ఇద్దరు స్థానిక ఈతగాళ్ళను పెట్టుకుని, తాడు కట్టి, నడుము లోతు వరకే దిగనిద్దామని. వాళ్ళు ఒప్పుకున్నారు కూడా. కానీ తాడు చూస్తే జనానికి ధైర్యం వస్తుంది. రాకూడని ధైర్యం. పైగా ఆ అడుగు నేల ఈ వారం ఉన్నట్టు వచ్చే వారం ఉండదు. మన తీరంలో ఇసుక నైరుతి గాలుల కాలంలో ఉత్తరానికి, ఈశాన్య గాలుల కాలంలో దక్షిణానికి నడుస్తూనే ఉంటుంది. ఆర్కే బీచ్ కోసుకుపోతుంటే పోర్టువాళ్ళు డ్రెడ్జింగ్‌లో సముద్రం అడుగు నుంచి తవ్విన ఇసుక తెచ్చి పోయడం వైజాగ్‌లో చూడనివాళ్ళు ఎవరు? కాబట్టి "మేము చిన్నప్పటి నుంచి అక్కడే స్నానం చేస్తున్నాం" అనే మాటకు విలువ లేదు. మీ చిన్నప్పటి ఇసుక ఇప్పుడు అక్కడ లేదు.

రెండోది, పై నుంచి చూపించి వెనక్కి తీసుకొచ్చేద్దామని. దీని గురించి ఇంట్లో పెద్ద గొడవే అయింది. తమ్ముడు సరే అన్నాడు, మా ఆయన సరే అన్నారు, నేను వద్దన్నాను. అంత దూరం తీసుకెళ్ళి దిగొద్దంటే ఎవరో ఒకరు దిగుతారు. దిగినవాళ్ళను ఆపలేక మా తమ్ముడు మళ్ళీ తిట్లు తింటాడు. నాకు ఉన్నది ఒక్క తమ్ముడు.

అందుకని తీసేశాం. మా పక్క వీధిలో ఇంకొకరు అప్పుడే "యారాడలో స్నానం మా ప్రత్యేకత" అని పోస్టరు వేశారు. వేసుకోనివ్వండి. భయపడి మానేశారని మా గురించి చెబుతున్నారట. భయమే. సముద్రాన్ని చూసి భయపడటం ఎప్పటి నుంచి సిగ్గుపడే విషయమైందో నాకు అర్థం కావడం లేదు.

ఇక రూటు. ఆదివారం ట్రిప్ ఇప్పటి నుంచి ఉత్తరం వైపే, భీమిలి దాకా. స్నానం ఒక్క రుషికొండలో, అదీ లైఫ్‌గార్డులు నిలబడి ఉన్న హద్దులో మాత్రమే. శుభ్రత, భద్రత చూసి ఇచ్చే బ్లూ ఫ్లాగ్ అనే అంతర్జాతీయ గుర్తింపు 2020లో వచ్చిన బీచ్ అది, బట్టలు మార్చుకునే గదులూ ఉన్నాయి. అలాగని చెరువులాంటి సముద్రం అనుకోకండి, హద్దు దాటితే అక్కడా అంతే. తొట్లకొండ బౌద్ధారామం ఎప్పటిలాగే ఉంటుంది, పైకి ఎక్కితే తీరమంతా ఒక్క చూపులో కనిపిస్తుంది. యారాడ "అబ్బ" అంత కాదు గానీ, దగ్గరే.

మంగమారిపేట దగ్గరి రాతి తోరణం కొత్తగా కలిపాం. దాన్ని చూడాలంటే సముద్రం పాటు మీద, అంటే నీళ్ళు వెనక్కి తగ్గి ఉండాలి. పోటు సమయంలో వెళితే రాయి కాళ్ళు నీళ్ళలో ఉంటాయి, దగ్గరికి పోలేం. పోటూ పాటూ రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతాయి కాబట్టి ఇకమీదట బండి బయల్దేరే సమయం వారం వారం మారుతుంది. శుక్రవారం సాయంత్రం మెసేజ్ పెడతాను. "పోయినసారి ఏడుకు కదా" అని నాతో వాదించకండి.

ఎర్రమట్టి దిబ్బల దగ్గర అంచులెక్కి ఫొటోలు దిగడం, మట్టి కవర్లో పోసుకు రావడం ఇదివరకే వద్దన్నాం, ఇప్పుడూ వద్దు. వేల ఏళ్ళపాటు గాలి పోగేసిన ఇసుక, ఇనుము తుప్పుతో ఎర్రబడింది. ఒక్క వానకే గండ్లు పడతాయి, మన చెప్పులు కూడా ఎందుకు? 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోకి కూడా ఎక్కింది. భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట ఎవరూ దిగకూడదు. డచ్చివాళ్ళ సమాధులు చూసి, టీ తాగి తిరిగి రావడమే.

టిఫిన్, సీట్లు, ఎక్కే చోటు అన్నీ పాతవే. యారాడ కోసమే బుక్ చేసుకున్నవాళ్ళకు కారణం అడక్కుండా మొత్తం డబ్బు వెనక్కి ఇస్తాం. అడగకుండా రద్దు చేసుకున్నవాళ్ళకు కూడా.

వచ్చే ఆదివారం పాటు పొద్దున్నే ఉంది. బండి అయిదున్నరకు కదులుతుంది. ఆలస్యంగా వచ్చేవాళ్ళ కోసం ఆగదు, ఆ పద్ధతిలో మాత్రం మార్పేమీ లేదు.