బ్రెయిన్‌డెడ్ వార్తల్లో ఊపిరి సంగతి

సంపాదకులకు నమస్కారం.

అవయవదానం వార్తలకు మీ పత్రిక తగిన చోటు ఇస్తోంది, సంతోషం. అయితే ‘బ్రెయిన్‌డెడ్ అయిన యువకుడు అవయవాలు సేకరించిన అనంతరం కన్నుమూశాడు’ వంటి వాక్యాలు తెలుగు పత్రికల్లో కనిపించినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. అలా రాస్తే, బతికున్న మనిషి నుంచే అవయవాలు తీశారన్న అర్థం వస్తుంది.

మూడేళ్ల క్రితం మా మేనల్లుడు బైకు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి ఐసీయూలో ఉన్నప్పుడు, డాక్టరుగారు ‘బ్రెయిన్‌డెడ్’ అన్న ఒక్క మాట చెప్పి వెళ్లిపోయారు. మా చెల్లెలు మంచం పక్కన నిలబడి, ‘ఊపిరి ఆడుతూనే ఉంది కదన్నయ్యా, అరికాలు ముట్టుకుంటే వేలు కూడా కదిపాడు’ అంది. ముప్ఫై ఏళ్లు ఇంటర్ పిల్లలకు శ్వాసక్రియ పాఠం చెప్పిన నాకు ఆ క్షణాన నోట మాట రాలేదు. ఆమెకు అప్పుడు చెప్పాల్సింది ఇప్పుడు రాస్తున్నాను.

గుండెకు తన లయ తనలోనే ఉంది కాబట్టి, ఆక్సిజన్ అందుతున్నంతసేపు మెదడుతో పని లేకుండానే కొంతకాలం కొట్టుకుంటుంది. ఊపిరితిత్తులకు ఆ సౌకర్యం లేదు. శ్వాసకు లయ పుట్టేది, మెదడును వెన్నుపాముతో కలిపే మెదడు కాండం (బ్రెయిన్‌స్టెమ్) అడుగున ఉండే మజ్జాముఖంలో. అక్కడ ప్రీబోట్జింగర్ కాంప్లెక్స్ అనే చిన్న నాడీకణాల గుంపు ఉంది. శాస్త్రజ్ఞులు 1991లో ఎలుక పిల్లల్లో దాని పాత్రను గుర్తించారు. (బోట్జింగర్ అన్నది ఒక జర్మన్ ద్రాక్షసారా సీసా మీది పేరు. పాఠం మధ్యలో ఈ ముక్క చెబితే వెనక బెంచీ కూడా మేలుకునేది.) అక్కడ పుట్టిన ఆజ్ఞ నిమిషానికి 12 నుంచి 20 సార్లు వెన్నుపాములోకి దిగుతుంది. మెడ భాగంలోని 3, 4, 5 ఖండాల నాడీకణాలు దాన్ని అందుకుని ఫ్రెనిక్ నాడి ద్వారా, ఊపిరితిత్తుల కింద ఉండే ఉదరవితానం అనే కండరాన్ని కదిలిస్తాయి. ఛాతీ భాగంలోని కణాలు పక్కటెముకల మధ్య కండరాలను లాగుతాయి. వెన్నుపాములోని ఈ కణాలు ఎంత ఆరోగ్యంగా ఉన్నా, పైనుంచి కబురు రానిదే మనిషి ఊపిరి తీసుకోలేడు.

మా చెల్లెలు చూసిన వేలి కదలిక సంగతి వేరు. అరికాలి స్పర్శ వెన్నుపాముకు చేరి అక్కడి నుంచే తిరిగి కండరానికి వెళ్లే ప్రతీకార చర్య (రిఫ్లెక్స్) అది. దానికి మెదడు అక్కర్లేదు. ఛాతీ లేచి పడటం వెంటిలేటర్ పని.

ఈ తేడాను తేల్చడానికే ఆప్నియా (ఊపిరి ఆగిపోవడం) పరీక్ష ఉంది. ముందు నూరు శాతం ఆక్సిజన్ ఇచ్చి, వెంటిలేటర్‌ను తప్పించి, సన్నని గొట్టంతో ఆక్సిజన్ మాత్రం అందిస్తూ, ఎనిమిది పది నిమిషాలపాటు ఛాతీనీ పొట్టనూ కన్నార్పకుండా గమనిస్తారు. మనం ఊపిరి బిగబట్టి ఇక ఆగలేక వదిలేసేది ముఖ్యంగా రక్తంలో బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) పెరగడం వల్లనే. మామూలుగా 35 నుంచి 45 మిల్లీమీటర్ల పాదరసం ఉండే దాని పీడనం 60కి చేరినా ఒక్క ఊపిరి కూడా రాలేదంటే, ఆజ్ఞ ఇచ్చే చోటు పోయినట్లే. అవయవ మార్పిడిపై 1994 నాటి కేంద్ర చట్టం ప్రకారం నలుగురు వైద్యుల బృందం కనీసం 6 గంటల ఎడంతో రెండుసార్లు పరీక్షలు చేసి ధ్రువీకరించాలి. కోమా ఇది కాదు. కోమాలో చాలామంది సొంతంగానే ఊపిరి తీసుకుంటారు.

కాబట్టి, ధ్రువీకరణ పూర్తయ్యాక ‘మెదడు కాండం మరణించడంతో మృతి చెందినట్లు వైద్యులు నిర్ధారించారు’ అని రాయవలసిందిగా మీ విలేకరులకు సూచించండి. ‘చికిత్స పొందుతూ’, ‘అనంతరం కన్నుమూశాడు’ అన్న మాటలను దయచేసి అక్కడ వాడవద్దు. అవయవదానాల కోసం జీవన్‌దాన్ కార్యక్రమం నడిపే రెండు తెలుగు రాష్ట్రాల అధికారులకూ మీ ద్వారా ఒక మనవి: కోరుకున్న కుటుంబ సభ్యుడొకరిని ఆప్నియా పరీక్ష వేళ మంచం పక్కన నిలబడనివ్వాలి. మా చెల్లెలికి ఆ అవకాశం దొరకలేదు. రెండో పరీక్ష కూడా అయిందని సంతకాలున్న కాగితం ఒకటి చూపించారు, అంతే.

ఇట్లు,
విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు,
తెనాలి