సరూర్‌నగర్‌లో మా నానమ్మను మోసిన అన్నకు

2020 అక్టోబరు 13 రాత్రి వానకు సరూర్‌నగర్ చెరువు నీళ్లు మా కాలనీని ముంచాయి. నాలాలు ఇరుకైపోయాక నీళ్లకు మా ఇళ్లే దారి అయ్యాయి. కరెంటు లేదు, నానమ్మ నడవలేదు, ఒకటే టెన్షన్.

అన్నా, అప్పుడు నడుము లోతు నీళ్లలో మీరొచ్చారు. "నానమ్మా, నా మెడ గట్టిగా పట్టుకో" అంటూ ఆమెను వీపున ఎక్కించుకున్నారు. ఇన్సులిన్ లోపలే ఉండిపోయిందంటే మళ్లీ వెళ్లి తెచ్చారు. అంతటితో ఆగారా! ఎక్కడినుంచో ఐసు సంపాదించి, మందు గడ్డకట్టకూడదని మధ్యలో గుడ్డ పరిచి, మీ టిఫిన్ డబ్బాలో సర్ది ఇచ్చారు. సొంత మనవళ్లకైనా అంత ఓపిక ఉంటుందా?

పేరు అడిగేలోపే పక్క వీధిలోకి పరుగెత్తారు. మా ఇంటిల్లిపాది తరఫున మీకు దండాలు. ఇది చూస్తే ఒక్కసారి ఇంటికి రండన్నా, నానమ్మ మిమ్మల్ని చూడాలంటోంది.