పిల్లల వయసు ఫైలు కోసం ఆగదు: మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆరోగ్య మంత్రి గారికి నమస్కారం.

మా అమ్మాయికి డ్రావెట్ సిండ్రోమ్. ఎస్‌సీఎన్1ఏ అనే జీన్‌లో లోపం వల్ల వచ్చే మూర్ఛ. మీ కార్యాలయానికి ఈ పేర్లు కొత్త కావు. నేను పంపిన ప్రతి వినతిపత్రంలోనూ మొదటి వాక్యం ఇదే. ప్రతిసారీ వచ్చిన జవాబు కూడా ఒకటే: మీ వినతిని సంబంధిత విభాగానికి పంపించాం అని. ఆ విభాగం ఇంకో విభాగానికి పంపింది. చివరికి ఆన్‌లైన్‌లో చూస్తే ‘పరిష్కరించబడినది’ అని ఉంది. ఏది పరిష్కారమైందో ఎవరూ చెప్పలేదు. ఫోన్ చేస్తే ఎత్తిన వాళ్లకు తెలియదు, తెలిసిన వాళ్లు ఫోన్ ఎత్తరు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

నేను అడిగేది మా ఇంటికి డబ్బు సాయం కాదండీ. మూర్ఛకు జీన్ థెరపీ, అంటే జీన్ స్థాయిలోనే చేసే చికిత్స, దాని పని మన దేశంలో ఎప్పుడు మొదలుపెడతారు అన్నదే నా ప్రశ్న. మనవాళ్లకు చేతకాదని నేను అనుకోవడం లేదు. వేలూరు సీఎంసీ ఆస్పత్రిలో హీమోఫిలియా ఎ (రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు) రోగులకు జీన్ థెరపీ ఇచ్చి, ఆ ఫలితాలను 2024లో ప్రపంచం ముందు పెట్టారు. ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ కలిసి రక్త క్యాన్సర్‌కు తెచ్చిన నెక్స్‌కార్19 చికిత్సను అదే ఏడాది ఏప్రిల్‌లో రాష్ట్రపతి గారు ప్రారంభించారు. బయటి దేశాల్లో కోట్లు అయ్యే చికిత్స ఇక్కడ లక్షల్లోకి దిగింది. 2025 నవంబరులో సికిల్ సెల్ అనే రక్తకణాల జబ్బు కోసం బిర్సా 101 అనే జీన్ థెరపీ అన్నారు. ఆ వార్తలన్నీ కత్తిరించి దాచుకున్నాను. అన్నీ రక్తానికి సంబంధించినవే. మెదడు దగ్గరికి ఎప్పుడు వస్తారు?

మార్చి వచ్చిందంటే మా ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. ఈ జబ్బున్న పిల్లలకు ఒంటి వేడి కాస్త పెరిగినా ఫిట్స్ వస్తాయి. మాది ఖమ్మం జిల్లా, ఇక్కడి ఎండలు ఎలా ఉంటాయో మీకు ఎవరూ చెప్పక్కర్లేదు. కరెంటు పోతే తడిగుడ్డలు, ఐస్ ముక్కలు పట్టుకుని కూర్చుంటాం. వేడినీళ్ల స్నానం లేదు. పెళ్లిళ్లకు వెళ్లం, ఉక్కపోతలో జనం మధ్య నిలబెట్టలేం. టీకా వేయించాలంటే భయం, వేయించకపోతే ఇంకా భయం. ఎక్కడికి వెళ్లినా సంచిలో ఫిట్స్ ఆపే మిడజోలం స్ప్రే ఉంటుంది. అది కొట్టినా ఆగకపోతే ఆటో మాట్లాడుకుని ఆస్పత్రికి పరుగు.

మొదటిసారి ఆరో నెలలో వచ్చింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు మాత్రమే కొట్టుకున్నాయి, చాలాసేపు ఆగలేదు. చుట్టాలు చేతిలో తాళాల గుత్తి పెట్టారు. ఆస్పత్రిలో జ్వరం ఫిట్స్, పెద్దయ్యాక తగ్గిపోతాయి అన్నారు. తగ్గలేదు. కార్బమజెపిన్ అనే మూర్ఛ మందు రాశారు. అది సోడియం ఛానల్‌ను, అంటే నరాల కణాల్లోకి సోడియం వెళ్లే దారిని, అడ్డుకునే మందు. ఈ పిల్లల్లో లోపం ఉన్నదే ఆ ఛానల్‌లో, కాబట్టి ఆ మందుతో ఫిట్స్ ఇంకా పెరుగుతాయి. మా పాపకూ పెరిగాయి. డోసు చాలడం లేదేమో అని ఇంకా పెంచారు. జీన్ టెస్ట్ రిపోర్టు చేతికి వచ్చేదాకా ఈ సంగతి మాకు తెలియదు. ఆ టెస్టు మేమే అప్పు చేసి చేయించాం. చేయించలేని వాళ్ల పిల్లలు ఈ రోజుకీ ఏ మందు మింగుతున్నారో తలుచుకుంటే నాకు నిద్ర పట్టదు. నిద్రలోనే ప్రాణం పోయే ప్రమాదం ఈ జబ్బులో ఉంది, అందుకే మా ఇంట్లో రాత్రిళ్లు ఎవరో ఒకరం మేలుకునే ఉంటాం. మా పాప మూడేళ్లప్పుడు ‘అమ్మా, నీళ్లు’ అని అడిగేది. ఇప్పుడు వేలు చూపిస్తుంది.

సార్, ఈ జబ్బుకు కారణం ఎవరికీ తెలియనిది కాదు. 2001లోనే జీన్ పట్టుకున్నారు. ఫిట్స్ రాకుండా మెదడుకు బ్రేకు వేసే కణాలు కొన్ని ఉంటాయి. ఆ కణాలకు కావలసిన ఛానల్ సగమే తయారవుతోంది. మంచి జీన్‌ను లోపలికి పంపుదామంటే ఒక చిక్కు ఉంది. జీన్‌ను మోసుకెళ్లడానికి వాడే ఏఏవీ అనే వైరస్ మోయగలిగేది సుమారు 4,700 డీఎన్‌ఏ అక్షరాలు, ఈ జీన్ దాదాపు 6,000. అందుకని అమెరికాలో ఎన్‌కోడెడ్ థెరప్యూటిక్స్ అనే కంపెనీ వాళ్లు ఇంకో దారి పట్టారు. జీన్‌ను మోసుకెళ్లకుండా, పిల్లల్లో బాగున్న రెండో జీన్ కాపీ ఎక్కువ పని చేసేలా ఒక ప్రొటీన్‌ను తయారుచేసే సందేశం పంపుతున్నారు, అదీ ఆ బ్రేకు కణాల్లోనే పని చేసేలా. దాని పేరు ఈటీఎక్స్101. ఒక్కసారి మెదడులోని ద్రవంలోకి ఇస్తారు. అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా పిల్లల మీద ట్రయల్స్ జరుగుతున్నాయి. జీన్ థెరపీ కాదు గానీ అదే జీన్ మీద పనిచేసే జోరెవునర్సెన్ అనే మందు వెన్నులోకి ఇచ్చేది కూడా మూడో దశ ట్రయల్‌కు వచ్చింది.

ఇది మా ఒక్క జబ్బుకే పనికొచ్చే చదువు కాదు. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజ్ (యూసీఎల్) శాస్త్రవేత్తలు 2022లో ఎలుకల్లో ఇంకొకటి చేసి చూపించారు. ఏ కణం అతిగా చెలరేగుతుందో ఆ కణంలో మాత్రమే, చెలరేగినప్పుడు మాత్రమే జీన్ పనిచేసి దాన్ని శాంతపరుస్తుంది. మన దేశంలో మూర్ఛ ఉన్నవాళ్లు కోటి మందికి పైనే అంటారు. అందులో సుమారు మూడో వంతు మందికి మాత్రలతో ఫిట్స్ ఆగవు. వాళ్లందరి కోసం ఈ దారిలో ఇక్కడ ఎవరు నడుస్తున్నారు? హైదరాబాద్‌లోనే జీన్ పరిశోధన సంస్థలు సీసీఎంబీ ఉంది, సీడీఎఫ్‌డీ ఉంది. జీన్ థెరపీ ట్రయల్స్ ఎలా చెయ్యాలో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2019లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. మనుషులున్నారు, రూల్సు ఉన్నాయి. మీరు డబ్బు ఇచ్చి, ఫలానా పని చెయ్యండి అని చెప్పడమే మిగిలింది.

నా భయం అంతా వయసు గురించి. ఈ జీన్ థెరపీ ట్రయల్స్ చిన్న పిల్లలతోనే మొదలుపెట్టారు, ఈటీఎక్స్101కి ఏడేళ్ల లోపు వాళ్లనే తీసుకున్నారు. మెదడు ఎదిగే వయసులోనే ఎక్కువ మేలు జరుగుతుందన్నది వాళ్ల ఆలోచన. మా పాపకు ఏడు దగ్గర పడింది. మీ ఫైలు ఒక విభాగం నుంచి ఇంకో విభాగానికి వెళ్లిన కాలంలోనే ఆమెకు ఆ వయసు దాటిపోతోంది. ఆమె కోసం ఇక అడగలేకపోవచ్చు. ఆరో నెలలో ఇప్పుడు మొదటి ఫిట్స్ వస్తున్న పిల్లల కోసమైనా అడుగుతున్నాను, దయచేసి వినండి.

అరుదైన జబ్బుల పాలసీ కింద మీరు ఇస్తానన్న 50 లక్షల సాయం గొప్పదే, కాదనను. కానీ ఎస్ఎంఏ (కండరాలు బలహీనపడే జన్యు జబ్బు) ఉన్న పిల్లల తల్లిదండ్రులు 16 కోట్ల ఇంజక్షన్ కోసం విరాళాలు అడుక్కోవడం తెలుగు వాళ్లందరూ టీవీల్లో చూశారు. రేపు మూర్ఛ మందు కూడా విదేశం నుంచే వస్తే మా చేతిలోనూ విరాళాలు అడిగే బోర్డు ఉంటుంది. ఇక్కడే తయారుచేస్తే ఎంత తగ్గుతుందో నెక్స్‌కార్19తో మీరే చూపించారు కదా, ఆ దారే ఇక్కడా పట్టండి.

ముందు ఈ పిల్లలు ఎంతమంది ఉన్నారో లెక్క తీయించండి. లెక్క లేకపోతే ఏ కంపెనీ ట్రయల్‌కు ఇక్కడికి రాదు. ఏడాది లోపు పిల్లలకు జ్వరంతో పదే పదే, ఎక్కువసేపు ఫిట్స్ వస్తే జీన్ టెస్ట్ ప్రభుత్వమే ఉచితంగా చేయించాలి, ఇది రేపే మొదలుపెట్టగలిగిన పని, దీనికి ఏ జీన్ థెరపీ కోసమూ ఆగక్కర్లేదు. ఏఏవీకి ముందే యాంటీబాడీలు ఉన్న పిల్లలకు ఆ వైరస్‌తో చేసే చికిత్స ఇవ్వడం కుదరకపోవచ్చు, మన పిల్లల్లో ఎంతమందికి ఉన్నాయో చూడాలి. మెదడుకు జీన్ థెరపీ ఇవ్వగలిగే సెంటర్‌ను దక్షిణాదిన ఒక్కటైనా సిద్ధం చేయండి. ట్రయల్స్ నడుపుతున్న కంపెనీలను పిలిచి మాట్లాడండి. పరిశోధనకు డబ్బు కేటాయించండి. ఈ లెక్క తీయించడం మాత్రం మర్చిపోకండి, మళ్లీ చెబుతున్నాను, లెక్క లేకపోతే మా పిల్లలు ఎవరికీ కనబడరు.

ఈసారి జవాబు ‘సంబంధిత విభాగానికి పంపించాం’ అని రాకూడదని వేడుకుంటున్నాను. ఆ పని ఏ అధికారి చూస్తారో పేరు, ఫోన్ నంబరు, ఏ నెలలో మొదలవుతుందో రాసి పంపండి. నేను వచ్చి కలుస్తాను. మాలాంటి తల్లిదండ్రులను, పిల్లల రిపోర్టులను వెంట తీసుకువస్తాను.

ఇట్లు,
డ్రావెట్ సిండ్రోమ్ ఉన్న పాప తల్లి,
ఖమ్మం జిల్లా