వేసవి బైబిలు శిబిరం ఎక్కడి నుంచి వచ్చింది

నెల్లూరు

ప్రియమైన మిత్రునికి,

ప్రభువు పేరిట వందనాలు. ఇక్కడ మేమందరం క్షేమం. అక్కడ అమ్మగారూ, చెల్లెమ్మా, పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. వేసవి బైబిలు శిబిరాలు అమెరికా వాళ్ళ సరదాలనీ, మనం వాటిని ఉన్నవి ఉన్నట్టుగా దిగుమతి చేసుకున్నామనీ నీవు పోయిన ఉత్తరంలో ఎద్దేవా చేశావు. ఈ మే నెలలో మన సంఘంలో జరగబోయే శిబిరంలో పెద్దపిల్లలకు పాఠాలు చెప్పే పని పాస్టరు అయ్యగారు నాకు అప్పగించారు కనుక, ఆ మాటకు జవాబు చెప్పకుండా ఊరుకోవడం నాకు సాధ్యం కావడం లేదు. నీ మాటలో సగం నిజముంది. ముందు ఆ సగాన్ని ఒప్పుకొని తరువాత మిగతా సంగతికి వస్తాను.

సెలవుల్లో బైబిలు బడి పెట్టే ఆలోచన అమెరికాలో ఊపందుకున్న మాట వాస్తవమే. 1898 వేసవిలో న్యూయార్కు తూర్పు పేటలో బడి లేక వీధుల వెంట తిరుగుతున్న పిల్లలను చూసి ఎలైజా హాస్ అనే ఆమె ఒక సారా దుకాణాన్ని అద్దెకు తీసుకొని, అందులోనే వాళ్ళకు పాటలూ, బైబిలు కథలూ, చేతిపనులూ నేర్పించారు. 1901లో రాబర్టు బోవిల్ అనే ఆయన ఆ పద్ధతిని నగరంలోని మరికొన్ని సంఘాలకు విస్తరింపజేశారు. వాళ్ళిద్దరూ బాప్టిస్టు శాఖ క్రైస్తవులే! బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే దొర 1840లో వచ్చినది మొదలు బాప్టిస్టుల ఊరుగా పేరుపడిన ఈ నెల్లూరులో కూర్చొని, మార్టిన్ లూథరు బోధను అనుసరించే లూథరన్‌నైన నేను ఈ ఋణాన్ని ఒప్పుకోవలసి రావడం నీకు ఎంత సంతోషం కలిగిస్తుందో నాకు తెలుసు.

బస చేసి గడిపే శిబిరాల మాట వేరు. అక్కడి లూథరన్లు చెరువుల ఒడ్డున, అడవుల్లో స్థలాలు సంపాదించి, పిల్లలను వారం రోజులపాటు అక్కడే ఉంచే పద్ధతి ముఖ్యంగా 1920ల నుంచి బలపడింది. మిషిగన్ సరస్సు ఒడ్డున ఆర్కేడియా శిబిరాన్ని వాల్థర్ లీగ్ అనే యువజన సంఘం 1922లో నెలకొల్పగా, పెన్సిల్వేనియాలో గెట్టిస్‌బర్గుకు దగ్గరలో నవాక్వా శిబిరం 1929లో మొదలైంది. ఆ చల్లని గాలీ, పడవలూ, రాత్రివేళ చలిమంట చుట్టూ పాటలూ మనకెక్కడివి? రోహిణి కార్తెలో మన వడగాడ్పుకు చలిమంట మాట ఎత్తితేనే పిల్లలు నవ్వుతారు.

ఇక నీవు వదిలిపెట్టిన సగం. లూథరన్ శిబిరానికి అసలు మూలం సరస్సుల ఒడ్డునా లేదు, న్యూయార్కులోనూ లేదు. 1528 ప్రాంతంలో సంస్కర్త మార్టిన్ లూథరు జర్మనీలోని సాక్సనీ గ్రామాల్లోని సంఘాలను పరిశీలించి, అక్కడి జనానికి ప్రభువు ప్రార్థన సైతం రాదని చూసి నొచ్చుకొన్నాడు. ఆ బాధలోంచే 1529లో చిన్న కాటెకిజము, అంటే ప్రశ్నోత్తరాల రూపంలోని విశ్వాస పాఠం, వెలువడింది. అది పుస్తకంగా రాకముందే గోడకు తగిలించే పెద్ద కాగితాలుగా అచ్చయిందన్నది నాకు ఎంతో నచ్చిన విషయం. ఒక్కొక్క ఆజ్ఞ చెప్పడం, వెంటనే దాని అర్థమేమిటని అడగడం, పిల్లవాడు గుక్క తిప్పుకోకుండా జవాబు అప్పజెప్పడం, ఇదంతా ఇంటి యజమాని ఇంట్లోవాళ్ళకు నేర్పడానికని ఆయన ఉద్దేశించినది. మన శిబిరంలో టీచరమ్మలు ఉదయాన్నే గోడకు చార్టులు తగిలించి, బెత్తంతో ఒక్కొక్క వరుసను చూపిస్తూ పిల్లలచేత చదివించడాన్ని నీవు అమెరికా సరదా అంటే నేనెలా ఒప్పుకోగలను?

పైగా ఆ కాటెకిజము మన భాషలోకి వచ్చి చాలాకాలమైంది. తమిళ తీరంలోని తరంగంబాడికి వచ్చి, తరువాత మద్రాసులో పనిచేసిన మిషనరీ బెంజమిన్ షుల్జ్ దానిని తెలుగు చేయగా, 1746లో జర్మనీలోని హాలె పట్టణంలో అచ్చువేశారు. అచ్చులో వచ్చిన తొలి తెలుగు పుస్తకాల్లో అదొకటి. న్యూయార్కు సారా దుకాణానికి నూట యాభై ఏళ్ళ ముందటిది.

మన ప్రాంతానికి లూథరన్లు వచ్చిన వైనం నీకు కొంత తెలిసినదే. జర్మనీలో లుడ్విగ్ హార్మ్స్ 1849లో నెలకొల్పిన హెర్మన్స్‌బర్గు మిషను తరఫున 1865లో ఆగస్ట్ మిలియస్ దొర అప్పటి నెల్లూరు జిల్లా దక్షిణ భాగంలో, సూళ్ళూరుపేట, నాయుడుపేట వైపున పని మొదలుపెట్టారు. 1914 యుద్ధంతో జర్మను మిషనరీల పని ఆగిపోగా అమెరికాలోని ఒహాయో సినడ్ అనే లూథరన్ సంఘాల సమాఖ్య వారు ఆ బాధ్యతను స్వీకరించారు. అంటే మన సంఘాలకు జర్మను కాటెకిజమూ, అమెరికా ఆదివారపు బడీ రెండూ పెంపుడు తల్లులే. కంఠతా పట్టించే అలవాటు మొదటి తల్లి పెట్టిన భిక్ష అనీ, అభినయంతో పాడే పాటలూ, రంగుల పనులూ రెండో తల్లి ఇచ్చినవనీ నా అభిప్రాయం.

ఇప్పుడు మన సంఘంలో జరిగేది ఎలా ఉంటుందంటే, ఎండ ముదరకముందే పిల్లలు గుడికి చేరి, చెప్పులు మెట్ల దగ్గర విడిచి, ఈడును బట్టి గుంపులుగా చాపల మీద కూర్చుంటారు. పాటలు, కథ, కంఠత వాక్యం అయ్యేసరికి గొంతులు ఎండిపోతాయి. అప్పుడు అల్లం, కరివేపాకు వేసిన పలుచని మజ్జిగ గ్లాసుల్లో వస్తుంది. మధ్యాహ్నానికల్లా అందరినీ ఇళ్ళకు పంపేస్తాం. వేరే సంఘాల పిల్లలే కాదు, అసలు సంఘాలతో సంబంధం లేని ఇళ్ళ పిల్లలు కూడా వస్తారు. నాకు నచ్చనిది ఒక్కటే: కాటెకిజానికి కేటాయించే సమయం ఏటేటా కుదించి, దాన్ని స్పీకర్ల మీద డాన్సు పాటలకు ఇస్తున్నారు. పాటలు వద్దనను; కానీ పది ఆజ్ఞలు పూర్తిగా రాని పిల్లవాడికి చివరిరోజున బహుమతి ఇవ్వడం నాకు సమ్మతం కాదు, ఈ మాట కమిటీలో కూడా చెప్పాను.

అందుచేత నీవు చేయవలసిన సాయమొకటి ఉంది. అమ్మగారు చిన్నతనంలో అప్పజెప్పిన కాటెకిజము ప్రతి ఇంకా మీ ఇంట్లో ఉంటే, దాని పేజీలు ఫోటో తీసి పంపించు. ఈసారి చార్టులను ఆ పాత తెలుగులోనే రాయిస్తాను. పిల్లలిద్దరినీ మే మొదటి వారంలోనే నెల్లూరుకు పంపు. మీ పెద్దవాడికి మా గుంపులోనే చోటు ఉంచుతున్నాను, కనుక రాగానే బద్ధకించకుండా తెల్లవారి లేవాలని ఇప్పుడే చెప్పి ఉంచు. అమ్మగారికి నా నమస్కారాలు.

ఇట్లు,
నీ మిత్రుడు