ఏ పొగలో బతికావమ్మా అని అడగండి

సంపాదకుడు గారికి నమస్కారం.

మాది గంజాం జిల్లాలో గోపాల్‌పూర్ దగ్గరి తీరపు ఊరు. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా. మా అమ్మకు ఏడేళ్లుగా ఆయాసం. ఏ ఆసుపత్రికి తీసుకెళ్లినా మొదట అడిగేది ఒకటే: బీడీ, సిగరెట్ తాగే అలవాటుందా? లేదనేవాళ్లం. పొగ గురించి ఇక ఎవరూ అడిగేవారు కాదు. ఒకచోట ఉబ్బసమన్నారు. ఇంకోచోట టీబీ పరీక్ష చేసి, అది కాదని దగ్గు మందు ఇచ్చి పంపారు. పోయిన ఏడాది బరంపురంలో ఒక డాక్టరమ్మ మాత్రం, "వంట దేనిమీద చేశావమ్మా ఇన్నాళ్లూ?" అని అడిగారు. సరుగుడు పుల్లలు, తాటి మట్టలు, జీడి కొమ్మలు, పన్నెండో ఏటి నుంచీ కట్టెల పొయ్యే అని అమ్మ చెప్పింది. అప్పుడు ఊపిరితిత్తుల శక్తిని కొలిచే స్పైరోమీటర్ పరీక్ష రాశారు. గొట్టం నోట్లో పెట్టుకుని ఆరు సెకన్లపాటు ఆపకుండా ఊదాలి. యాభై ఏళ్లు ఊదుగొట్టంతో పొయ్యి రాజేసిన మనిషి మూడుసార్లు ఊదబోయి, ఊపిరి చాలక కూర్చుండిపోయింది. నాలుగోసారికి కుదిరింది. జబ్బు సీఓపీడీ అని తేలింది, అంటే ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకైపోయి ఏళ్ల తరబడి ఆయాసపెట్టే జబ్బు.

మా పక్కింటి పెద్దమ్మదీ అదే జబ్బు. కానీ ఆమెది అడ్డపొగ. మన శ్రీకాకుళం, గంజాం తీరంలో ఆడవాళ్లు చుట్ట నిప్పును నోటి లోపలికి పెట్టి కాల్చే అలవాటు తెలుగు పాఠకులకు కొత్త కాదు. సిగరెట్ తాగుతారా అని నర్సు ఒడియాలో అడిగితే ఆమె లేదంది. అబద్ధమాడాలని కాదు, చుట్టను ఆమె ఎప్పుడూ ఆ లెక్కలో వేసుకోలేదు. ఈ అలవాటు మీద శ్రీకాకుళం పల్లెల్లో 10,169 మందిని పరీక్షించిన అధ్యయనం 1971లోనే అచ్చయింది. అందులో చూసింది అంగిలి మీద పుండ్లు, మచ్చలు. ఊపిరితిత్తుల సంగతి కూడా అంత శ్రద్ధగా చూడాల్సింది.

ఇద్దరి రిపోర్టుల మీదా జబ్బు పేరు ఒకటే. కానీ లోపల జరిగేది ఒకేలా ఉండదని డాక్టరమ్మ చెప్పారు. బీడీ, సిగరెట్, చుట్టల పొగ ఎక్కువగా ఊపిరితిత్తుల్లోని చిన్న చిన్న గాలి గదుల గోడల్ని తినేస్తుంది. కట్టెల పొగ ఎక్కువగా సన్నటి గాలి గొట్టాలను మందపరిచి మచ్చ కట్టిస్తుంది, అందుకే దగ్గు, కఫం ఎక్కువ. రెండు పొగలూ పీల్చినవారి పరిస్థితి మరీ కష్టం. ధనిక దేశాల్లో సీఓపీడీ కేసుల్లో 70 శాతానికి పైగా పొగాకు వల్లేనని, మనలాంటి దేశాల్లో పొగాకు వాటా 30 నుంచి 40 శాతమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే బీడీ, సిగరెట్ ఒక్కటే అడిగి వదిలేస్తే మన దగ్గర సగానికి పైగా రోగులు దొరకరు. దోమల కాయిల్ సంగతి కూడా చెప్పాలి. ఒక్క కాయిల్ కాలితే పొగలో వచ్చే సన్నటి నుసి 75 నుంచి 137 సిగరెట్ల నుసితో సమానమని కొలిచారు. తలుపులు మూసి, ఆయాసం మనిషి మంచం కిందే దాన్ని వెలిగిస్తున్నాం. మేమూ అదే చేశాం, తెలియక.

గ్యాస్ వచ్చింది కదా అంటారేమో. ఉజ్జ్వల పథకం 2016లో మొదలైంది, మా ఇంట్లోనూ సిలిండర్ ఉంది. టీకి, కూరకు గ్యాస్. స్నానాల నీళ్లకు, ఉప్పుడు బియ్యానికి వడ్లు ఉడకబెట్టడానికి మాత్రం ఇప్పటికీ కట్టెలే. వడ్లు ఉడికే రోజు ఇల్లంతా పొగ, ఆ రాత్రంతా అమ్మకు పిల్లికూతలు. పోయిన శక్తి తిరిగి రాదు. కానీ పొగ తగ్గితే ఉన్నది త్వరగా పోదు. చైనాలోని గ్వాంగ్‌డాంగ్ పల్లెల్లో తొమ్మిదేళ్లు వెంబడించి చూస్తే, కట్టెలు మాని బయోగ్యాస్‌కు మారినవారిలో, వంటగదికి గాలి వచ్చే ఏర్పాటు చేసుకున్నవారిలో ఊపిరితిత్తుల శక్తి తగ్గడం నెమ్మదించింది. చుట్ట మానినా అంతే, ఏ వయసులో మానినా మేలే. పెద్దమ్మకు ఇది ఎవరూ చెప్పలేదు. ఇంత వయసొచ్చాక మానితే ఏం లాభం అనుకుంది.

ముప్పై దాటినవారికి ఆశా కార్యకర్తలు నింపే ఫారంలో వంట దేనిమీద చేస్తారు, చెత్త తగలబెడతారా, ఇటుక బట్టీలాంటి పొగచోట పని చేస్తారా అనే ప్రశ్నలు ఇప్పటికే ఉన్నాయి. మొగలి పూల అత్తరు తీసే బట్టీల దగ్గర వానాకాలమంతా కట్టెలు ఎగదోసే మా జిల్లా కూలీలు కూడా అందులోకి రావాలి. అమ్మ ఫారంలో కట్టెలు అనే రాశారు. ఆ తర్వాత ఊపిరి పరీక్షకు రమ్మని మమ్మల్ని ఎవరూ పిలవలేదు. మా బ్లాకు ఆసుపత్రిలో ఆ మెషినూ లేదు. బస్సెక్కి బరంపురం వెళ్లాలి, మెట్లెక్కలేని మనిషిని తీసుకుని.

అధికారులను మీ పత్రిక ద్వారా కోరేది ఇదే. ఫారంలో కట్టెలు, చుట్ట, బట్టీ అని రాసినవారికి, ఆయాసముంటే, బ్లాకు స్థాయిలోనే ఊదే పరీక్ష చేయించండి. ఏటా నవంబరు మూడో బుధవారం ప్రపంచ సీఓపీడీ దినం. ఈసారి ఆ రోజున బరంపురం హాలులో కాకుండా మా తీరపు ఊళ్లలో ఒక మెషిన్‌తో శిబిరం పెట్టండి. అడ్డపొగ అంటే ఏమిటో తెలిసిన, తెలుగులో అడగగల ఒక మనిషిని కూడా దయచేసి పంపండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
గంజాం జిల్లా, ఒడిశా